కొండలరాజు గీనో బార్తలి

ఆటలలోను పందెములలోను గెలిచినవారి పేర్లు పత్రికలలో అచ్చగుటయు, కొలది కాలమునకు మరుగుపడుటయు లోకసహజము. ఇటలీ దేశపు సైకిలు పందెగాడు గీనో బార్తలి విషయమున ఇందుకు వేరుగా జరిగినది. అతడు లక్షలాది జనుల యెదుట సాధించిన విజయములతోపాటు, ఎవరికిని తెలియకుండ చేసిన యొక పని, అతని మరణానంతరము నానాటికి ఎక్కువ ప్రసిద్ధికి వచ్చినది. మన విద్యార్థులలో సైకిలు తొక్కనేర్చినవారు పెక్కుమంది గనుక, ఆ వాహనముతో ఒక మనుష్యుడు ఏమేమి చేయగలిగెనో ఈ వ్యాసమున తెలుప బూనుకొన్నాము.

బాల్యము

గీనో బార్తలి 1914 వ సంవత్సరము జూలై 18 వ తేదీన ఫ్లోరెన్సు నగర సమీపమునగల పోంతె ఆ ఏమా యను గ్రామమున జన్మించెను. తండ్రి కూలిపని చేసి కుటుంబమును పోషించుచుండెడివాడు. పదుమూడేండ్ల ప్రాయమునకే గీనో సైకిళ్ళు బాగుచేయు దుకాణమున పనికి కుదిరెను. అచట చువ్వలు బిగించుటయు, వంకరపోయిన చక్రమును సరిచేయుటయు, చైను అతుకుటయు నేర్చుకొనెను. ఆ ప్రాంతమంతయు మిట్టపల్లముల దేశము. ఎచటికి పోవలెనన్నను గుట్టలెక్కి దిగవలసినదే. ఈ బాలుడు గుట్టలపై పెద్దవారితో సమానముగ పోగలుగుట చూచి, దుకాణపు యజమానియే ఇతనిని పందెములకు పంపవలసినదిగా తల్లిదండ్రులను ప్రోత్సహించెను.

1935 లో బార్తలి ఈ పందెములనే జీవనోపాధిగా చేసికొనెను. ఇటలీ దేశమంతయు చుట్టివచ్చు జీరో యను మహాపందెమును మరుసటి సంవత్సరమే, తన ఇరువది యొకటవ యేట, గెలుచుకొనెను. ఆ సంతోషము నెలదినములైనను నిలువలేదు. 1936 జూన్ నెలలో అతని తమ్ముడు గిులియో ఒక పందెములో ప్రమాదము పాలై మరణించెను. తమ్ముని మరణముచే మనసు విరిగి గీనో సైకిలును శాశ్వతముగ విడువ దలచెను. ప్రార్థనయు, ఆత్మీయుల హితవచనములును అతనిని మరల దారిలోనికి తెచ్చినవి. బాల్యము నుండియు భక్తిపరుడైన బార్తలి, కార్మెలు మఠసభతో సంబంధముగల గృహస్థుడుగ తన దీక్షను కడవరకు పాటించెను. జనులు అతనికి ‘భక్తుడైన గీనో’ యని పేరు పెట్టిరి. 1937 లో జీరోను రెండవసారి గెలిచెను.

కొండ యెక్కుటలోని కష్టము

బార్తలి ప్రతిభ ముఖ్యముగ కొండదారులలో కానవచ్చెడిది. ఇటలీ పందెమున కొండలపై అగ్రగామికిచ్చు బహుమానమును అతడు ఏడుసార్లు గైకొనెను. ఇందలి విశేషము తెలియవలెనన్నచో, సమభూమికిని కొండకును గల భేదమును గ్రహింపవలెను.

సమభూమిపై పందెగానికి ముఖ్యశత్రువు గాలి. వేగము రెండింతలైనచో గాలి యడ్డగింపు నాలుగింతలగును. అందుచేత పందెగాండ్రు ఒకరి వెనుక నొకరు మిక్కిలి చేరువగ పోవుదురు. ముందువాడు గాలిని చీల్చుకొని పోవుచుండగా, వెనుకవానికి వాని చాటు దొరకును. ఇట్లు చాటున పోవువానికి శ్రమ ఎంతయో తగ్గును. బలహీనుడు కూడ బలవంతుని వెంట చాలదూరము పోగలుగుట ఇందువలననే.

కొండపై వేగము తగ్గును గనుక గాలి బాధ తగ్గును. దాని స్థానమున భూమ్యాకర్షణము నిలుచును. నూరు మీటర్ల దూరమునకు ఎనిమిది మీటర్లు పైకి లేచు బాట యొకటి కలదనుకొందము. మనిషియు సైకిలును కలసి 80 కిలోగ్రాములు తూగుదురనుకొందము. నూటికి ఎనిమిది చొప్పున లెక్కింపగా 6.4 కిలోగ్రాములు వచ్చును. అనగా ఆ మనిషి, ఆరు కిలోగ్రాములకు పైబడిన నీటి చేదను బావినుండి తోడునట్లు, విడువక లాగుచు పోవలెను. మన బావుల చేద పది బారలకు పైకి వచ్చును, తోడువాడు ఊపిరి తీసికొనును. ఆల్ప్సు పర్వతములలోని కనుమదారులు కొన్ని పదునైదు, ఇరువది కిలోమీటర్ల పొడవున ఎక్కుచునే యుండును. నడుమ నిలుచుటకు వీలులేదు.

ఎత్తునకు పోయినకొలది మరియొక కష్టము కలుగును. గాలిబియె యను కనుమ యొక్క ఎత్తు 2,642 మీటర్లు. నీలగిరులలో అత్యున్నతమైన దొడ్డబెట్ట శిఖరము 2,637 మీటర్లు గనుక, ఇంచుమించు సమానమే. అంతటి ఎత్తున గాలి యొత్తిడి సముద్రతీరమున నుండుదానిలో సుమారు ముప్పాతిక వంతు మాత్రమే. ప్రతి శ్వాసలోను ప్రాణవాయువు తక్కువగ అందును. శ్రమ హెచ్చిన చోటనే ఊపిరి చాలకుండును.

నాటి సైకిళ్ళు నేటివాటివలె తేలికయైనవి కావు. తొలిదినములలో వెనుక చక్రమునకు ఇరుప్రక్కల వేర్వేరు పండ్ల చక్రములుండెడివి. కొండ మొదట పందెగాడు దిగి, చక్రమును ఊడదీసి, త్రిప్పి బిగించుకొని పోవలసియుండెను. చైనును ఒక పండ్ల చక్రము నుండి మరియొకదానికి మార్చు సాధనమును ఫ్రాన్సు దేశపు మహాపందెమున 1937 వరకు అనుమతింపలేదు. 1948 లో బార్తలి వాడిన సాధనమునకు వెనుక చక్రమునొద్ద రెండు మీటలుండెను. ఒక చేయి వెనుకకు చాచి, ఒక మీటతో చక్రమును వదులుచేసి, పెడళ్ళను వెనుకకు త్రిప్పుచు, రెండవ మీటతో చైనును జరిపి, మరల చక్రమును బిగింపవలెను. ఇదంతయు సాగిపోవుచున్న సైకిలుపై కూర్చుండియే చేయవలెను.

కావున కొండపై ముందువాని చాటు పెద్దగ నుపకరింపదు. అచట ఎవని బలము వానిదే. ఈ సంగతిని విద్యార్థులు మనసునందుంచుకొన వలెను. దీని యర్థము ముందు చెప్పబోవు కథలో మరింత స్పష్టమగును.

ఫ్రాన్సు దేశపు మహాపందెము

ఫ్రాన్సు దేశమును చుట్టివచ్చు పందెమునకు టూర్ ద ఫ్రాన్సు అని పేరు. మూడు వారములకు పైగ సాగు ఈ పందెములో, మొత్తము కాలమున ముందున్నవాడు పసుపుపచ్చని అంగీ ధరించును. 1937 లో బార్తలి గాలిబియె కనుమను దాటిన దినమున ఆ అంగీని సంపాదించెను. మరునాడే ఒక చిన్న వంతెనయొద్ద పట్టుతప్పి వాగులో పడెను. తడిసిన బట్టలతో, దెబ్బలతో, సైకిలుపై గమ్యము చేరెను గాని కొన్ని దినములకు పందెమునుండి తొలగవలసి వచ్చెను.

1938 లో మరల పోయెను. ఆల్లోస్, వార్స్, ఇజొఆర్ అను మూడు కనుమలను ఒకే దినమున దాటి బ్రియాన్సోను పట్టణమును ముందుగ చేరి, పసుపు అంగీని ధరించెను. రెండవవానికంటె 18 నిమిషముల 27 సెకండ్లు ముందుగ పందెము గెలిచెను. కొండల బహుమానమును కూడ అతనికే దక్కెను. అప్పుడు ఇటలీని నిరంకుశముగ పాలించుచున్న ముస్సోలినీ, ఇట్టి విజయములను తన ప్రభుత్వ ఘనతగ చాటుకొనుచుండెను. గెలిచినవారు అతని పేరు స్తుతించుట ఆచారమై యుండెను. బార్తలి తన విజయమును అతనికి అంకితము చేయలేదు.

1940 లో జీరో పందెమున, తన జట్టులో క్రొత్తగా చేరిన ఇరువదియేండ్ల ఫౌస్తో కొప్పి యను యువకుని బార్తలి ఎదుర్కొనవలసి వచ్చెను. పందెము ప్రారంభమైన కొలదికాలమునకే బార్తలి సైకిలునకు కుక్క యడ్డువచ్చి అతడు పడి గాయపడెను. నాయకత్వము చేజారగా, అతడు ఈ యువకునకు తోడ్పడి గెలిపించెను. పందెము ముగిసిన వెంటనే ఇటలీ యుద్ధమున ప్రవేశించెను. అతని దేహబలము పరిపక్వమై యుండవలసిన సంవత్సరములలో మహాపందెములు లేవు. 1940 మొదలు 1946 వరకు ఫ్రాన్సు పందెము జరుగలేదు.

యుద్ధకాలము

1943 సెప్టెంబరులో జర్మను సైన్యములు ఇటలీ ఉత్తర, మధ్య భాగముల నాక్రమించెను. యూదులను పట్టి శిబిరములకు పంపుట ఆరంభమాయెను. ఫ్లోరెన్సులో యూదుల గురువు నాథన్ కస్సూతోయు, క్రైస్తవ మతాధిపతియైన కార్డినల్ ఎలియా దల్లా కోస్తాయు కలసి, వారిని దాచుటకును తప్పించుటకును రహస్యముగ ఏర్పాటు గావించిరి. మఠములు, కన్యాశ్రమములు, పల్లె యిండ్లు వారికి ఆశ్రయములాయెను. కస్సూతో మాత్రము 1943 నవంబరులో పట్టుబడి ఆష్విట్సు శిబిరమునకు పంపబడి, 1945 లో మరణించెను. ఈ పనిలో చేరినవారికి ఏమి జరుగగలదో ఆ మరణమే తెలుపుచున్నది.

దాగియున్నవారికి దొంగ గుర్తింపు పత్రములు కావలసియుండెను. అస్సీసీ పట్టణమున బిషప్ నికోలీనియు, మఠాధికారి రుఫీనో నిక్కాచ్చియు ఈ భారమును వహించిరి. అచటి లూయీజి బ్రీత్సి యను ముద్రాపకుడును, అతని కుమారుడు త్రెంతోయు తమ చిన్న అచ్చుయంత్రముపై వాటిని ముద్రించిరి. ఆ పత్రములలో దక్షిణ ఇటలీ పట్టణముల పేర్లు వ్రాసెడివారు. ఆ భాగము అప్పటికే మిత్రసైన్యముల వశమైనందున, జర్మనులు అచట విచారించి నిజము తెలిసికొనజాలరు.

పత్రములను ఎవరు తీసికొనిపోవుట? ఫ్లోరెన్సు నుండి అస్సీసీ సుమారు 180 కిలోమీటర్ల దూరము. దారిలో సైనికుల తనిఖీలు. అతనికి పాత పరిచయము గల దల్లా కోస్తా ఈ పనిని బార్తలికి అప్పగించెను. కారణము స్పష్టము. సుప్రసిద్ధుడైన పందెగాడు దూరపు రహదారులపై సాధన చేయుటలో ఎవరికి అనుమానము కలుగును? ఛాయాచిత్రములను, పత్రములను సీటుక్రింది గొట్టములోను చట్రములోను చుట్టిపెట్టి, సీటును మరల బిగించి అతడు బయలుదేరెడివాడు. సైనికులు ఆపినప్పుడు, సైకిలులోని ప్రతి భాగము తన వేగమునకు తగునట్లు సరిచేయబడినదని, ముట్టవలదని చెప్పెడివాడట. ఇంతేగాక, ఒక యూదు కుటుంబమును తన స్వంత యిండ్లలో ఒకదాని నేలమాళిగలో దాచి, వారికి ఆహారమందించెను. 1944 లో ఫాసిస్టు రక్షకులు అతనిని పట్టి, విచారణలకు పేరుమోసిన భవనమున ప్రశ్నించిరి. అతడు మౌనము వహించెను. తుదకు విడిచిపుచ్చిరి.

ఈ పనిలో పట్టుబడినచో మరణమే గతి. బార్తలికి భార్యయు, 1941 లో పుట్టిన చిన్న కుమారుడును ఉండిరి. గెలిచినను ఎవరును చప్పట్లు కొట్టు పందెము కాదు; ఓడినచో ఇల్లు కూలిపోవును. కొండదారిలో ఎవని బలము వానిదే యని పైన చెప్పితిమి. సాధన చేయుచున్నట్లు కనబడుచు ఆ బాటల నొంటరిగ పోయిన దినములలో, అతని బలము అసలైన ప్రయోజనమును పొందెను.

యుద్ధానంతరము బార్తలి ఈ సంగతులను పత్రికలకు చెప్పలేదు. తన కుమారుడు ఆంద్రేయాకు కొంత చెప్పి, దానిని ఇతరులకు చెప్పవలదనెను. మంచిపని చేయవలెను గాని చెప్పుకొనరాదనునది అతని మాటల సారము. అతడు 2000 మే 5 వ తేదీన మరణించిన పిదప సాక్షుల వాఙ్మూలములు వెలువడెను. యెరూషలేములోని యాద్ వాషెమ్ సంస్థ వాటిని పరిశీలించి, 2013 లో అతనిని యూదులను రక్షించిన నీతిమంతులలో ఒకనిగ గుర్తించెను. దల్లా కోస్తాకును అదే గౌరవము 2012 లో లభించినది. ఇతని ప్రయాణములవలన ఎందరు రక్షింపబడిరన్న విషయమున చరిత్రకారులలో వాదములు గలవు. రహస్యముగ సాగిన పనికి లెక్కల పుస్తకము లుండవు. దాచబడిన ఆ కుటుంబమునకు మాత్రము లెక్కతో పనిలేదు, వారు బ్రదికిరి.

1948 వ సంవత్సరపు వేసవి

యుద్ధము ముగిసిన తరువాత బార్తలి 1946 లో జీరోను మూడవసారి, కొప్పికంటె 47 సెకండ్లు మాత్రమే ముందుగ, గెలిచెను. 1948 లో ఫ్రాన్సు పందెమునకు పోవునప్పటికి అతని వయసు ముప్పదినాల్గవ యేటికి చేరువ. ముసలివాడైనాడని పెక్కురు తలచిరి. పందెము సగమగునప్పటికి ఇరువదిమూడేండ్ల ఫ్రెంచి యువకుడు లూయిసోను బొబేకంటె 21 నిమిషములకు పైగ వెనుకబడియుండెను.

జూలై 14 న రోము నగరమున కమ్యూనిస్టు నాయకుడు తోల్యాత్తిని ఒకడు తుపాకితో కాల్చెను. దేశమంతట సమ్మెలు, అల్లరులు చెలరేగి పలువురు మరణించిరి. అంతర్యుద్ధము వచ్చునేమో యని జనులు భయపడిరి. ఆ దినమున కాన్ పట్టణమున విశ్రాంతి తీసికొనుచున్న బార్తలికి, ప్రధానమంత్రి దె గాస్పెరి టెలిఫోనులో మాటలాడి, గెలుపునకు ప్రయత్నింపుమని కోరెను.

మరునాటి దారి పది సంవత్సరముల క్రిందట అతనికి విజయమిచ్చిన ఆల్లోస్, వార్స్, ఇజొఆర్ కనుమలదే. చలి, వాన, బురద. బార్తలి యొక్కడే ముందుకు సాగి బ్రియాన్సోను చేరెను. బొబేతో గల యెడము ఒక నిమిషమునకు కొంచెము పైబడి మిగిలెను. జూలై 16 న గాలిబియె మొదలగు కనుమలను దాటి మరల గెలిచి పసుపు అంగీని ధరించెను. ఆ పిమ్మట లోజాన్ నగరమునకు పోవు దినమునను గెలిచెను. తుదకు రెండవవానికంటె 26 నిమిషముల 16 సెకండ్లు ముందుగ పందెము ముగించెను. రెండు గెలుపుల నడుమ పదేండ్ల యెడము ఈ పందెము చరిత్రలో వేరొకరికి లేదు.

బార్తలియే ఇటలీని అంతర్యుద్ధమునుండి రక్షించెనని జనులు చెప్పుకొందురు. ఈ మాటను తూచి చూడవలెను. గాయపడిన తోల్యాత్తియే తన అనుచరులను శాంతముగ నుండుడని కోరెను. కార్మిక నాయకులు సమ్మెను విరమింపజేసిరి. శాంతికి ముఖ్యకారణము లివియే. కాని భయముతో రేడియోల చుట్టు మూగిన జనులకు ఆ సాయంకాలము విన్న వార్త ఒక సంతోషమిచ్చెననుట నిజము. అంతమాత్రము చెప్పినచో బార్తలి కీర్తికి కొరత లేదు.

స్పర్ధయు స్నేహమును

బార్తలి, కొప్పిల స్పర్ధ ఇటలీ జనులను రెండు పక్షములుగ చీల్చెను. ఒకడు పల్లెయొక్కయు పాత ఆచారముల యొక్కయు ప్రతినిధియనియు, రెండవవాడు క్రొత్త కాలపు మనుష్యుడనియు జనులు తలచిరి. 1949 ఫ్రాన్సు పందెములో, బార్తలి ముప్పదియైదవ జన్మదినమున వారిరువురు కలసి ఇజొఆర్ కనుమను దాటిరి. బ్రియాన్సోలో బార్తలి ముందుగ గమ్యము చేరునట్లు కొప్పి యెడమిచ్చెను. పందెము మాత్రము తుదకు కొప్పి గెలిచెను, బార్తలి రెండవవాడాయెను. 1952 లో కొండదారిపై వారిరువురు ఒక నీటిసీసాను అందించుకొనుచుండగ తీసిన ఛాయాచిత్రము లోకప్రసిద్ధము. ఎవరు ఇచ్చిరి, ఎవరు పుచ్చుకొనిరి యని నేటికిని ఆ దేశమున వాదులాడుదురు. మాకు తోచినంతవరకు, అది ఎడతెగని వాదమగుటయే వారికి గౌరవము. 1954 లో, నలుబదియేండ్ల ప్రాయమున, బార్తలి పందెములను విరమించెను.

ముగింపు

విద్యార్థులారా, దేహబలము దేవుడిచ్చిన వరము. సాధనచే దానిని పెంచుకొనుట మన విధి. బార్తలి జీవితమును చదువునప్పుడు ఒక ప్రశ్న మనకు ఎదురగును. పెంచుకొన్న బలమును దేనికి వినియోగింపవలెను? అతడు మహాపందెములలో సంపాదించిన కాళ్ళబలమును, రహదారుల పరిచయమును, తుదకు తన కీర్తిని కూడ, ఆపదలోనున్న పరులకై వెచ్చించెను. కీర్తి లేకున్నచో సైనికులు అతనిని ఆపి సైకిలును విప్పి చూచియుందురు. చేసిన ఉపకారమును చాటుకొనవలదని మన వేదపాఠములలో పలుమారు వినుచుందుము. ఈ పందెగాడు ఏబదియేండ్లకు పైగ ఆ మాటను నిలుపుకొనెను.

తల్లిదండ్రులకును ఒక మాట. పిల్లలు ఆటలలో కాలము వ్యర్థము చేయుచున్నారని మీరు విసుగుకొనవచ్చును. సైకిళ్ళు బాగుచేయు దుకాణమున చేరిన బీదబాలుని కాళ్ళు ఒకనాడు కొందరి ప్రాణములకు ఆధారమాయెనని తలచుడు. బలముతోపాటు దయయు, సత్యమును పిల్లలకు నేర్పినచో, వారు తొక్కిన దారి వ్యర్థము కాదు.